వాక్చిత్రమున రాక్‌ఫెల్లరు

బొమ్మ కదలుటయే వింతగా నుండిన దినములు గడచి, కదలెడు బొమ్మ మాటలాడుట వింతయైన దినములవి. 1927 మే నెలలో లిండ్‌బర్గు అట్లాంటికు మహాసముద్రమును ఒంటరిగా దాటుటకై న్యూయార్కు చెంత విమానమెక్కినపుడు, ఆ విమానపు యంత్రఘోషను దృశ్యముతోపాటు ఫిలిముపై పట్టి ఫాక్సు మూవీటోను సంస్థవారు ప్రేక్షకులకు వినిపించిరి. అది మొదలు వార్తాచిత్రములకు నోరు వచ్చెను. రాజులు, మంత్రులు, రచయితలు ఒకరి వెంట నొకరు కెమెరా యెదుట నిలిచి నాలుగు మాటలు పలికిరి. ధనికుల వంతును వచ్చెను. ఉక్కు వ్యాపారమున కోట్లు గడించి గ్రంథాలయములకు ధారపోసిన ఆండ్రూ కార్నెగీ 1914లో తన వ్యాసమొకదానిలోని కొంత భాగమును ఫోనోగ్రాఫు యంత్రములోనికి చదివెనే గాని, 1919లోనే కన్నుమూయుటచే వాక్చిత్రమునకు అందలేదు. అందినవారిలో అందరికంటె వృద్ధుడు, అందరికంటె ధనవంతుడని పేరుపడినవాడు, అందరికంటె ఎక్కువ తిట్లు తిన్నవాడు జాన్ డేవిసన్ రాక్‌ఫెల్లరు. వార్తాచిత్రము మాటలు నేర్చునప్పటికి ఆయనకు 88వ యేడు నడుచుచుండెను.

ఈ విద్య పనిచేయు తీరు నేటి విద్యార్థులకు అంతగా తెలియదు గనుక రెండు మాటలు చెప్పుట మంచిది. పలికిన పలుకును మైక్రోఫోను విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు ఒక చిన్న దీపపు వెలుగును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఆ హెచ్చుతగ్గులు ఫిలిము అంచున సన్నని గీతలుగా పడును. ప్రదర్శనవేళ ఆ గీతలగుండ వెలుతురు ప్రసరింపగా మరల ధ్వని పుట్టును. మూకీల నాడు కెమెరా పిడిని చేతితో త్రిప్పెడివారు. వేగము వారి చేతివాటమును బట్టి మారుచుండెను. ధ్వనికి ఆ స్వేచ్ఛ చెల్లదు. సెకండుకు 24 బొమ్మల చొప్పున, నిమిషమునకు 90 అడుగుల ఫిలిము తు.చ. తప్పక నడువవలెను. కావుననే పాత మూకీ వార్తలలో మహామహులు సైతము గంతులు వేయుచున్నట్లు కనబడుదురు; వాక్చిత్రములో మనవలెనే నడచుదురు. తొంబది యేండ్ల ముదుసలి అడుగు తీసి అడుగు వేయుట ఎట్లుండునో, మాటకు మాటకు నడుమ ఊపిరి పీల్చుకొనుట ఎట్లుండునో రాక్‌ఫెల్లరు చిత్రములలో యథాతథముగా నిలిచినది ఈ యంత్రనియమము వలననే.

ఫ్లారిడా రాష్ట్రమున ఆర్మండు బీచి యను సముద్రతీర గ్రామములో ఆయన చలికాలములు గడపెడివాడు. గోల్ఫ్ ఆట, చర్చి, ఇరుగుపొరుగు వారితో కబుర్లు, మోటారుకారు షికారు - ఇదియే దినచర్య. వార్తాచిత్రముల వారికి అచ్చట ఆయన దొరకెడివాడు. చిత్రములలో మనకు కనిపించునది బక్కపలుచని మనిషి. ముఖము ముడుతలు పడి పాత తాటియాకువలె నుండును. తలపై నున్నది సొంత జుట్టు కాదు. 1901 ప్రాంతమున వ్యాధిచే రోమములన్నియు రాలిపోగా నాటినుండి పెట్టుడు జుట్టు ధరించెను. కంఠము సన్నము, పలుకు నెమ్మది. చుట్టును చేరినవారికి తళతళలాడు నాణెములు పంచును. పిల్లలకు 5 సెంట్లు, పెద్దలకు 10 సెంట్లు - ఇది ఆయన పెట్టుకొనిన లెక్క. టైర్ల కర్మాగారములకు అధిపతియైన ఫైర్‌స్టనుకు సైతము పది సెంట్ల నాణెమిచ్చి నవ్వించెను. ఒక చిత్రములో తన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకిని, సర్వజనులకును భగవంతుని యనుగ్రహము కలుగవలెనని ఆశీర్వదించును. కంపెనీ పేరు ముందు వచ్చుట గమనింపదగినది.

చూచినవారికి ముచ్చటగనే తోచును. పండుగనాడు మనుమల చేతిలో పైసలు పెట్టెడు తాతగారు గుర్తుకు వచ్చును. కాని ఇచ్చట చరిత్ర బోధించువారికి ఒక చిక్కు కలదు. వ్రాతకంటె బొమ్మ నమ్మదగినదనియు, బొమ్మకంటె మాటలాడు బొమ్మ మరింత నమ్మదగినదనియు విద్యార్థి యనుకొనును. కన్నులార చూచి, చెవులార విన్న పిదప ఇంకేమి సాక్ష్యము కావలెనని యడుగును. అయితే కెమెరా వచ్చునప్పటికి ఆ వృద్ధుని జీవితములో కొనియాడదగినవి, నిందింపదగినవి దాదాపు అన్నియు ముగిసియుండెను. 1872లో క్లీవ్‌లాండు నగరమున జరిగినదానికి ధ్వనిముద్రణ లేదు. కావున చిత్రమునకు ముందటి కథలోనికి పోక తప్పదు.

రాక్‌ఫెల్లరు 1839 జూలై 8న న్యూయార్కు రాష్ట్రములోని రిచ్‌ఫర్డు పల్లెలో జన్మించెను. తండ్రి విలియము ఊరూర తిరిగి మందులమ్మెడువాడు. వైద్యము చదువలేదు, డాక్టరునని చెప్పుకొనుటకు మాత్రము వెనుదీయలేదు. నెలల తరబడి ఇల్లు విడిచిపోయి, ఒకనాడు హఠాత్తుగా మంచి గుర్రముల బండిలో జేబునిండ రొక్కముతో దిగెడివాడు. 1855లో వేరొక పేరు పెట్టుకొని మరియొక స్త్రీని పెండ్లాడెను. మొదటి సంసారము అట్లే యుండెను. తల్లి ఎలీజా బాప్టిస్టు మతమున దృఢవిశ్వాసముగల ఇల్లాలు. మగని రాకకై ఎదురుచూచుచు, అంగడిలో అప్పు పెరుగకుండ కాచుకొనుచు, పిల్లలకు పొదుపును, చర్చిలో కానుక వేయుటను నేర్పినది ఆమెయే. తండ్రి నేర్పిన పాఠము వేరు. పెరిగిన కొడుకునకు ఆయన నూటికి పది వడ్డీపై అప్పిచ్చెడివాడు. కొడుకునకు డబ్బు అత్యవసరమైన వేళ చూచి బాకీ తీర్చుమని కూర్చుండెడివాడు. కొడుకు కిమ్మనక తీర్చెడివాడు. ఇట్టి తండ్రికి ఇట్టి కొడుకు పుట్టుట ఆశ్చర్యము కాదు గాని, ఆ నిబ్బరము మాత్రము ఆశ్చర్యమే.

1853లో కుటుంబము ఒహైయో రాష్ట్రమునకు తరలెను. క్లీవ్‌లాండులో ఉన్నతపాఠశాల చదువు, కొలది నెలల వాణిజ్యశిక్షణ ముగించి, పదియారేండ్ల బాలుడు వారముల తరబడి కంపెనీల గడపలెక్కి దిగెను. 1855 సెప్టెంబరు 26న హ్యూయిట్ అండ్ టటిల్ అను వర్తకుల కొట్టులో సహాయ గుమాస్తా పని దొరకెను. ఆ తేదీని ఆయన జీవితాంతము పుట్టినదినమునకంటె ఘనముగా పండుగ చేసికొనెను. మొదటి మూడు నెలలకు ముట్టిన జీతము 50 డాలర్లు.

ఆ దినములలోనే ఒక చిన్న పద్దుపుస్తకము కొని దానికి లెడ్జరు ‘ఎ’ అని పేరు పెట్టెను. అద్దె, తిండి, బట్టలు, చర్చి కానుక, బీదలకిచ్చిన చిల్లర - అన్నియు సెంటు తప్పకుండ అందు కలవు. తొలి యేటి జీతములో సుమారు 6 శాతము దానధర్మములకే పోయెను. 1859లో సిన్సినాటిలోని ఒక నల్లజాతివాడు బానిసత్వమునుండి భార్యను విడిపించుకొనుటకై యత్నించుచుండగా ఈ గుమాస్తా ఇచ్చిన సొమ్మునకు అందు పద్దు కలదు. ఆ పుస్తకమును ఆయన కోటీశ్వరుడైన పిదపను నగవలె దాచుకొనెను. ఈ విషయమును నొక్కి చెప్పుటకు కారణము కలదు. గోవును చంపి చెప్పులు దానము చేసినట్లని మనవారి సామెత. రాక్‌ఫెల్లరు దానములను గూర్చి అమెరికాలోను నాడు పలువురు పలికిన మాట తాత్పర్యము ఇదియే. కాని ఈ పద్దుపుస్తకము ఆ సామెతను పూర్తిగా నిలువనీయదు. ఆయన దానము గోవు జోలికి పోకమునుపే ఆరంభమైనది.

1859 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రములోని టైటస్‌విల్లు చెంత డ్రేకు అను నతడు భూమిని తొలిచి చమురు పైకి తెచ్చెను. తిమింగిలపు కొవ్వుతో దీపములు వెలిగించు లోకమునకు కిరసనాయిలు దొరకెను. అదే యేడు రాక్‌ఫెల్లరు క్లార్కు అను నాంగ్లేయునితో కలిసి ధాన్యపు వ్యాపారము పెట్టెను. 1863లో వారు చమురుశుద్ధి తెలిసిన ఆండ్రూస్‌తో చేరి ఒక కర్మాగారము కట్టిరి. భాగస్థులతో పొసగక 1865 ఫిబ్రవరిలో వాటాలను తమలో తామే వేలము వేసికొనిరి. పాట 500 డాలర్లతో మొదలై 72,500 డాలర్ల వద్ద నిలిచెను. పాడుకొనినవాడు రాక్‌ఫెల్లరు, అప్పటికి ఆయన వయస్సు 25. అంతకు ముందటి సంవత్సరమే లారా స్పెల్మను అను నుపాధ్యాయినిని వివాహమాడియుండెను. 1870 జనవరిలో పది లక్షల డాలర్ల మూలధనముతో ఒహైయో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ యేర్పడెను.

ఆయన వ్యాపారప్రతిభ ఎట్టిదనగా, పారవేయునది ఆయనకు కనబడదు. పీపాలు బయట కొనుట మాని తానే చేయించెను. రెండున్నర డాలర్ల పీపా డాలరులోపునకు వచ్చెను. ఎగుమతికై కిరసనాయిలు నింపిన డబ్బాలకు మూతలను సీసపు మాటుతో అతుకుచుండగా చూచి, ఒక డబ్బాకు ఎన్ని చుక్కలు పట్టుచున్నవని అడిగెను. 40 అని చెప్పిరి. 38తో ప్రయత్నింపుమనెను, కొన్ని కారినవి. 39తో ఒకటియు కారలేదు. నాటినుండి 39 చుక్కలే నియమమయ్యెను. ఆ డబ్బాలు మనకు తెలియనివి కావు. 19వ శతాబ్ది చివరి దశకములలో అమెరికా కిరసనాయిలు ఓడలపై మన దేశమున దిగినపుడు ఆముదపు ప్రమిదల ప్రక్క బుడ్డిదీపము వెలసెను. చమురు తీరిన డబ్బా మన యిండ్లలో నీళ్లు మోసినది, బియ్యము దాచినది, రేకుగా సాగి పాక కప్పినది. ఆ అతుకులో ఒక చుక్క తగ్గినదని ఎవరికి తెలియును? 1870లో గ్యాలను సుమారు 26 సెంట్లున్న కిరసనాయిలు 1885 నాటికి 8 సెంట్లకు దిగెను. రాత్రివేళ చదువుకొనిన పేదవిద్యార్థి కోణమునుండి చూచినచో ఇది చిన్న మేలు కాదు.

ఇక 1872. ఆ యేటి ఆరంభమున పెద్ద రైలు కంపెనీలును, కొందరు చమురుశుద్ధి వర్తకులును గుట్టుచప్పుడు కాకుండ ఒక ఒడంబడిక చేసికొనిరి. పేరు సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ. రైలు కిరాయి అందరికిని హెచ్చును. ఒడంబడికలోని వారికి మాత్రము కొంత సొమ్ము వాపసు వచ్చును. అంతవరకు వర్తకలోకమున వినని మాట కాదు. కాని పోటీదారుడు చెల్లించిన కిరాయిలోనుండియు కొంత వీరికే ముట్టును! పొరుగువాడు సరకు పంపిన కొలది మన జేబు నిండుట యన్నమాట. ఈ గుట్టు ఫిబ్రవరిలో రట్టయ్యెను. చమురు బావుల సీమ భగ్గుమనెను. టైటస్‌విల్లులోను ఆయిల్ సిటీలోను సభలు జరిగెను. బావులవారు స్టాండర్డ్‌కు చమురు అమ్మమని ప్రతినబట్టిరి. రైలు కంపెనీలు వెనుకకు తగ్గెను, ప్రభుత్వము ఆ సంస్థ అనుమతిని రద్దుచేసెను. ఆ ఒడంబడిక క్రింద ఒక్క పీపాయైనను కదలలేదు.

అయినను, కత్తి దూయకయే యుద్ధము ముగిసెను. ఆ కత్తి ఒరలో నున్న కొలది వారములలోనే రాక్‌ఫెల్లరు క్లీవ్‌లాండులోని 26 మంది పోటీదారులలో 22 మంది కర్మాగారములను కొనివేసెను. ఒక్కొక్కరిని పిలిచి, తన లెక్కలు చూపి, రొక్కము కావలెనా వాటాలు కావలెనా యని మర్యాదగా అడిగెడివాడు. వాటాలు తీసికొనినవారు తరువాత ధనికులైరి. పలువురు నమ్మక రొక్కము పుచ్చుకొని, ఆ మొత్తము చాల తక్కువయని జీవితాంతము వగచిరి. నాకు తోచునది చెప్పుదును: ఆ మర్యాదయే భయంకరమైనది. అరచి బెదిరించువానికి ఎదురు తిరుగవచ్చును. మెల్లగా మాటలాడుచు వెనుక రైలుమార్గములను నిలుపుకొనిన వానికి ఏమి జవాబు చెప్పగలము? 1879 ప్రాంతమునకు అమెరికా చమురుశుద్ధిలో 90 శాతము ఆయన చేతిలో నుండెను. 1882లో ట్రస్టు, 1890లో ట్రస్టులను నిషేధించు షెర్మను చట్టము, కోర్టులు, కొత్త పేరుతో న్యూజెర్సీ కంపెనీ - ఈ వివరములు న్యాయశాస్త్ర విద్యార్థులకు చెందినవి. 1897 నాటికి ఆయన దినదిన వ్యవహారములనుండి తొలగెను. అధ్యక్షుడను పేరు మాత్రము నిలిచెను. తరువాతి నిందలన్నియు ఆ పేరునకే తగిలెను.

1872 నాటి చమురుసీమలో ఐడా టార్బెల్ అను బాలిక పెరుగుచుండెను. ఆమె తండ్రి చమురు తొట్లు చేయుచు, బావులు త్రవ్వించుచు బ్రతికినవాడు. నాటి దెబ్బ తిన్నవారిలో నొకడు. ఆమె పెద్దదై చదువుకొని పత్రికారచయిత్రి యయ్యెను. 1902 నవంబరు మొదలు 1904 వరకు మెక్ల్యూర్స్ మాసపత్రికలో స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను 19 భాగములుగా ప్రకటించెను. ఆమె ఆయుధము ఆవేశము కాదు. కోర్టు కాగితములు, శాసనసభా విచారణల నివేదికలు, కంపెనీలోని పెద్ద యుద్యోగితో ముఖాముఖి - వీనినుండి నిజమును పోగుచేసెను. కంపెనీ సామర్థ్యమును మెచ్చుకొనవలసినచోట మెచ్చుకొనెను, మోసమును మోసమనెను. 1903లో క్లీవ్‌లాండు చర్చికి పోయి ఆయనను చూచివచ్చెను. ఆ మీదట వ్రాసిన వ్యక్తిచిత్రణ మాత్రము కొంత కటువు. వ్యాధివలన రోమములు రాలిన ముఖమును సైతము స్వభావమునకు గుర్తుగా పట్టుటను నేను సమర్థింపలేను. వ్యంగ్యచిత్రకారులు స్టాండర్డ్ ఆయిల్‌ను దేశమునంతటిని చుట్టుకొనిన ఆక్టోపస్‌గా చిత్రించిరి. రాక్‌ఫెల్లరు ఒక్క మాటయు బదులు పలుకలేదు. నిజమును మౌనము కాపాడునని ఆయన నమ్మెనో, బదులు లేకపోయెనో, నాడు ఎవరికిని తెలియలేదు.

1905లో మరియొక గాలి రేగెను. క్రైస్తవ ప్రచారసంఘమొకటి ఆయననుండి లక్ష డాలర్లు పుచ్చుకొనగా, మైలపడిన ధనమును దేవుని పనికి వాడరాదని గ్లాడెను అను మతాచార్యుడు దేశమంతట చర్చ లేవదీసెను. చివరకు తేలినదేమనగా, ఆ సొమ్ము ఆయన తనంత తెచ్చి పడవేసినది కాదు. సంఘమువారే వెంటబడి యడిగి పుచ్చుకొనినది. దానము మంచిదా చెడ్డదా యను ప్రశ్న నుండి అడిగినవాని సంగతి యేమి యను ప్రశ్నకు జనుల చూపు మరలెను. 1911 మే 15న అత్యున్నత న్యాయస్థానము కంపెనీని చీల్చవలసినదని తీర్పు చెప్పెను, 34 కంపెనీలయ్యెను. శిక్షయని లోకము సంతోషించెను. కాని ముక్కలన్నింటిలోను ఆయనకు వాటా కలదు; మోటారు కార్లు పెరుగుచుండుటచే ముక్కల విలువ మొత్తమును మించెను. శిక్షయే ఆయనను మునుపటికంటె ధనికుని చేసెను. ఆ ముక్కలలో నొకటైన కాలిఫోర్నియా స్టాండర్డ్ కంపెనీ, టెక్సాస్ కంపెనీతో కలిసి కాల్టెక్సు సంస్థను స్థాపించెను. ఆ కాల్టెక్సే 1957లో మన విశాఖపట్టణమున చమురుశుద్ధి కర్మాగారమును నెలకొల్పినది; 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో లీనమయ్యెను.

1914 ఏప్రిల్ 20 నాటి లడ్లో దారుణము అన్నింటికంటె నల్లని మచ్చ. కొలరాడో రాష్ట్రమున రాక్‌ఫెల్లరు కుటుంబమునకు అధికవాటాలు గల బొగ్గు కంపెనీలో కార్మికులు 1913 నుండి సమ్మె చేయుచు గుడారములలో నుండిరి. సైనికులకును వారికిని కాల్పులు జరిగి, గుడారములు తగులబడెను. ఒక గుడారము క్రింది గోతిలో దాగిన ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు ఊపిరాడక మరణించిరి. అప్పటికి వ్యవహారము కొడుకు చేతిలో నుండెను. తండ్రియో కార్మికసంఘములకు ఆజన్మవిరోధి. ఆ తరువాతనే ఐవీ లీ అను ప్రచారనిపుణుని ఆ కుటుంబము నియమించుకొనెను. నాణెముల పంపకము ఈ లీ పన్నిన యుపాయమని లోకములో నొక మాట కలదు. చరిత్రకారులు కాగితములు తిరుగవేసి, అది ముసలాయన స్వంత అలవాటే యనిరి. ఏదైనను, కెమెరాల వారికి తలుపు తెరచిన కాలమది.

దానముల విషయమున ఆయనకు కుడిభుజమైనవాడు ఫ్రెడరికు గేట్సు అను మతాచార్యుడు. యాచించు ఉత్తరములు వేలకొలది వచ్చుచుండగా, చిల్లరగా చల్లుట మాని, రోగమునకు మూలమెచ్చటనో అచ్చట పెట్టుబడి పెట్టవలెనని గేట్సు నేర్పెను. 1890లో చికాగో విశ్వవిద్యాలయము, 1901లో వైద్యపరిశోధన సంస్థ, 1913లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషను ఇట్లు పుట్టినవి. 1901 ఆరంభమున చిన్న మనుమడొకడు స్కార్లెట్ జ్వరముతో మరణించుట వైద్యపరిశోధన తలపునకు మరింత బలమిచ్చెను. అట్లాంటాలో నల్లజాతి స్త్రీల విద్యకై వెలసిన స్పెల్మను కళాశాల ఆయన భార్య పుట్టింటి పేరు వహించినది. మొత్తము దానములు 50 కోట్ల డాలర్లకు పైబడినవి.

ఇన్నింటిలో నా మనస్సునకు దగ్గరగా తోచునది కొంకిపురుగుపై సాగిన పోరు. అమెరికా దక్షిణరాష్ట్రములలో పల్లెజనులు పాలిపోయి, నీరసించి, సోమరులని నిందపడుచుండిరి. చెప్పులు లేని పాదములగుండ నేలనుండి శరీరమున జొరబడి ప్రేగులలో రక్తము పీల్చు పురుగే దానికి కారణమని స్టైల్సు అను శాస్త్రజ్ఞుడు తేల్చెను. 1909లో రాక్‌ఫెల్లరు పది లక్షల డాలర్లిచ్చెను. 11 రాష్ట్రములలో బడిపిల్లలను పరీక్షింపగా సుమారు 40 శాతము మందికి ఆ వ్యాధి కలదని తేలెను. మందు చవక - థైమాలు, భేదియుప్పు. కష్టమైనది ప్రజలను ఒప్పించుట. మమ్ము అవమానించుచున్నారని పత్రికలు కోపించెను. చెప్పులమ్ముకొనుటకు ధనికుడు పన్నిన పన్నాగమనిన వారును లేకపోలేదు. గ్రామములలో గుడారములు వేసి, సూక్ష్మదర్శినిలో ఆ పురుగు గ్రుడ్లను ప్రజలకే చూపించిన తరువాత గాని నమ్మకము కుదురలేదు. ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ పని ఖండాంతరములకు పాకి, 1920 దశకమున మద్రాసు రాజధానికిని వచ్చెను. వట్టికాళ్లతో పొలము దున్నెడు మన రైతునకు ఆ పురుగు పాతచుట్టమే. 1932లో కలకత్తాలో వెలసిన అఖిలభారత ఆరోగ్యశాస్త్ర సంస్థ ఈ ఫౌండేషను సొమ్ముతోనే లేచినది. 1972లో హైదరాబాదు చెంత పటాన్‌చెరువున మెట్టపంటల పరిశోధనకు ఇక్రిశాట్ స్థాపితమగుటలోను దాని పాలు కలదు.

ఇప్పుడు మరల ఆ కంఠస్వరమునకు వత్తము. కెమెరా ముందు ఆయన నిందలను గూర్చి యేమియు చెప్పలేదని చూచితిమి. అట్లని ఎన్నడును చెప్పలేదా? చెప్పెను. 1917 మొదలు 1920 వరకు విలియము ఇంగ్లిస్ అను పత్రికారచయిత ఆయన యింట కూర్చుండి, టార్బెల్ గ్రంథమును, అంతకుముందు లాయిడు వ్రాసిన విమర్శను భాగములుగా చదివి వినిపించెను. ఆయన జవాబులు చెప్పుచుండగా వ్రాసికొనెను. అది సుమారు 1,700 పుటలైనది. మౌనముని యనుకొనిన మనిషి అందు వాదించును, వెక్కిరించును, కోపించును. తన తప్పును మాత్రము ఒప్పుకొనడు. హద్దులేని పోటీలో అందరును మునుగుచుండగా తాను పడవ తెచ్చితిననియే ఆయన విశ్వాసము. దైవమే తనకు ధనమిచ్చెనని నిండుగా నమ్మినవాని మాటలవి. కపటి మాటలు కావవి. అందుచేతనే చదువరికి మరింత కలవరము కలుగును. ఆ సామగ్రితో ఇంగ్లిస్ వ్రాసిన జీవితచరిత్ర వ్రాతప్రతిని టార్బెల్‌కే చూపించిరి. మరీ ఏకపక్షమని ఆమెయు ఇతరులును చెప్పగా అచ్చువేయక మానుకొనిరి. అదే కంఠము ఆ మాటలు పలుకుచుండగా ఫిలిముపై పట్టియుండినచో! పది సెంట్ల నాణెము వెలుగులో అది చీకటిలో నుండిపోయెను.

వాక్చిత్రము మన దేశమునకు 1931లో ‘ఆలం ఆరా’తో వచ్చెను. ఆ దినములలో అమెరికాలో ఆర్థికమాంద్యము తాండవించుచుండెను. 1929 అక్టోబరులో షేర్ల బజారు కూలినపుడు, తానును తన కొడుకును మంచి షేర్లు కొనుచున్నామని రాక్‌ఫెల్లరు ధైర్యము చెప్పెను. బజారు ఆ మాట వినలేదు, మరింత దిగజారెను. 1932లో తన 93వ జన్మదినమున, ఇట్టి గడ్డుదినములు తన జీవితమున పలుమార్లు వచ్చి పోయినవనియు, మంచి దినములు మరల వచ్చుననియు ప్రకటించెను. అన్నపుకై వరుసలు కట్టిన నిరుద్యోగులకు ఆ మాట ఎట్లు వినబడెనో ఊహింపవచ్చును. ఆయన సంకల్పము నూరేండ్లు బ్రతుకవలెనని. 1937 మే 23న, 98వ యేడు నిండుటకు ఆరు వారములు తక్కువగా, ఆర్మండు బీచిలో మరణించెను. దానములకును, కొడుకునకును అంతకుముందే అంతయు పంచివేయుటచే ఆయన పేర మిగిలినది సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు మాత్రమే.

క్లీవ్‌లాండులోని లేక్‌వ్యూ శ్మశానవాటికలో తల్లికిని, 1915లో మరణించిన భార్యకును నడుమ ఆయనను ఖననము చేసిరి. తండ్రి అచ్చట లేడు. ఆయన 1906లోనే ఇల్లినాయిసు రాష్ట్రములోని ఫ్రీపోర్టు పట్టణమున, రెండవ భార్య యింట, డాక్టరు లెవింగ్‌స్టను అను మారుపేరుతో మరణించి, ఆ పేరుతోనే భూస్థాపితుడై యుండెను.